సెల్యులర్ జైలుకు ఎన్ని గంటలు?

అండమాన్ టూర్ ప్యాకేజీ ఏది తీసి చూసినా మొదటిరోజు కార్యక్రమం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. విమానం దిగడం, హోటల్లో భోజనం, కాసేపు కార్బిన్స్ కోవ్ బీచ్, సాయంత్రం సెల్యులర్ జైలు, చీకటిపడ్డాక అక్కడే లైట్ అండ్ సౌండ్ షో. తెల్లారితే హ్యావ్‌లాక్ వెళ్లే పడవ. ఈ వరుసలో జైలుకు దక్కేది గంట, మహా అయితే గంటన్నర. ఆ గంటన్నరలో మనకు ఏం కనబడుతుందో, ఏం కనబడకుండా పోతుందో హైదరాబాద్‌లోనో విశాఖలోనో ప్యాకేజీకి డబ్బు కట్టిన రోజే తేలిపోతుంది.

జనం బాధపడిన, చనిపోయిన చోట్లను కాపాడి చూపించే మ్యూజియాలు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. పోలండ్‌లో ఆష్విట్జ్, జపాన్‌లో హిరోషిమా, రువాండాలో కిగాలి, దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపం, అమెరికాలో మాంట్‌గొమరీ, మన దేశంలో అమృత్‌సర్, భోపాల్. వీటిలో చాలావాటికి తెలుగువాళ్లు వెళ్తున్నారు. ఎల్‌టీసీ మీద అండమాన్ వెళ్లే ఉద్యోగులున్నారు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వాషింగ్టన్ చూసే తల్లిదండ్రులున్నారు, యూరప్ టూర్‌లో ఒకరోజు పోలండ్‌కు కేటాయించేవాళ్లున్నారు. ఇలాంటి చోట్లకు వెళ్లడం తప్పని అనేవాళ్లతో నేను ఏకీభవించను, వెళ్లాలి. కానీ ఎలా వెళ్లాలన్న మాట మన దగ్గర పెద్దగా నడవలేదు. హోటల్ ఎంత దూరం, అన్నం దొరుకుతుందా అని ఎన్నిసార్లయినా అడుగుతాం. అక్కడ మనకు కథ చెప్పేది ఎవరు, ఎవరి గొంతు వినిపించదు అని ఒక్కసారి కూడా అడగం. ప్రయాణం వేసుకోవాల్సింది ఆ రెండో ప్రశ్న చుట్టూ అని నా నమ్మకం. వేళలు, టిక్కెట్లు, వెంట ఎవరిని తీసుకెళ్లాలి అన్నవన్నీ దాన్నుంచే తేలతాయి.

తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే చోటు కాబట్టి సెల్యులర్ జైలు దగ్గరే కొంతసేపు ఆగుదాం. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906కు పూర్తిచేశారు. మధ్యలో బురుజు, దాన్నుంచి ఏడు దిక్కులకు సాగిన ఏడు వింగ్‌లు, ఒక్కొక్కటి మూడంతస్తులు, మొత్తం దాదాపు ఏడువందల గదులు, గదికి ఒక మనిషి. ఒక వింగ్‌లోని గదుల ముఖం పక్క వింగ్ వీపు వైపు ఉండేలా కట్టారు. ఖైదీ తలుపు చువ్వల్లోంచి చూస్తే కనిపించేది గోడే తప్ప ఇంకో మనిషి కాదు. ఈ సంగతి బోర్డు మీద చదివితే సగమే తెలుస్తుంది. గదిలోకి వెళ్లి, గుంపు దాటిపోయేదాకా ఆగి, బయటికి చూడాలి. వెనక గోడకు చేతికందని ఎత్తున చిన్న వెంటిలేటర్ ఒకటుంటుంది. ద్వీపం చుట్టూ సముద్రమే అయినా లోపలివాడికి ఆకాశం ముక్కే మిగిలేది. దీనికి కావాల్సింది పది నిమిషాల నిశ్శబ్దం, సాయంత్రం ఐదింటి రద్దీలో దొరకనిది కూడా అదే. అందుకే జైలుకు పొద్దున్నే, తలుపులు తెరిచే వేళకు వెళ్లమంటాను.

ఇప్పుడు నిలిచి ఉన్నవి మూడు వింగ్‌లే. 1941 భూకంపం, 1942 నుంచి 1945 దాకా సాగిన జపాన్ ఆక్రమణ, స్వాతంత్ర్యం తర్వాతి కూల్చివేతలు కలిసి మిగతావాటిని మింగేశాయి. ఆ స్థలంలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి నడుస్తోంది. ఉన్నవైనా నిలిచాయంటే ఒకప్పటి ఖైదీలు పట్టుబట్టి అడిగినందువల్లే. 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. అడిగి సాధించింది అక్కడ శిక్ష అనుభవించినవాళ్లేనన్న విషయం గుర్తుపెట్టుకోవాలి. ఏ మ్యూజియానికి వెళ్లినా దాన్ని ఎవరు అడిగారు, ఎవరు కట్టారు, ఎవరు నడుపుతున్నారు అన్నవి ముందే తెలుసుకుంటే లోపల బోర్డులు చదివే తీరు మారుతుంది.

ప్రదర్శన గదుల్లో గొలుసులు, గోనెగుడ్డ బట్టలు, కొరడా దెబ్బలకు మనిషిని కట్టే చట్రం, నూనె గానుగ ఉంటాయి. గానుగకు ఎద్దుకు బదులు మనిషిని కట్టేవారు. రోజుకు ముప్ఫై పౌండ్ల కొబ్బరినూనె తీయాలని లెక్క, తగ్గితే దెబ్బలు. ఆ గానుగ పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లను ఏ రోజయినా చూడవచ్చు. అది వాళ్ల తప్పని నేననను, అరగంటలో అన్నీ చుట్టేయమని తోలితే ఎవరైనా చేసేది అదే. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మోయిత్రా చనిపోయారు, బలవంతంగా ఆహారం ఎక్కించబోయిన ప్రయత్నాల తర్వాత. 1937లో మళ్లీ పెద్ద దీక్ష జరిగింది. ఆ తర్వాతే రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తిప్పి పంపారు. తిండి, చదువుకునే పుస్తకాలు, మనిషిలా చూడటం లాంటి మామూలు కోరికల కోసం సాగిన పోరాటాలివి. ఉరికొయ్య ముందు అందరూ ఆగుతారు. ఈ దీక్షల సంగతి దగ్గర కూడా అంతసేపు ఆగాలి.

గుంపు నేరుగా వెళ్లేది మూడో అంతస్తులోని సావర్కర్ గదికి. ఆయన 1911 నుంచి 1921 వరకు ఇక్కడున్నారు. ఆయన అనుభవించిన శిక్ష, ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు రెండూ ఇప్పటికీ వాదనలో ఉన్నవే. వాదించుకునేవాళ్లు రెండు వైపులా చదివి వెళ్లడం మంచిది. అయితే ఒక్క గది చూసి దిగివస్తే మిగతా వందల గదులు ఖాళీగా ఉన్నట్టే లెక్క. చిత్రహింసలకు మతి చెదిరిన ఉల్లాస్‌కర్ దత్ ఇక్కడివాడే. 1912లో తన గదిలోనే ఉరివేసుకున్న ఇందుభూషణ్ రాయ్ ఇక్కడివాడే. మన్యం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కు పంపారు. బతికి తిరిగొచ్చిన ఆయన తర్వాత తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఈ ద్వీపం చూసినవారే. మధ్య బురుజులో పాలరాతి పలకల మీద ఖైదీల పేర్లు చెక్కారు. అక్కడ మన ఊళ్లవాళ్ల కోసం వెతకడం పిల్లలకు అప్పగించదగ్గ పని. వెళ్లే ముందు మల్లుదొర, భయంకరాచారి గురించి ఇంట్లో ఒక పూట మాట్లాడుకుంటే జైలు ఎవరిదో పరాయి కథగా ఉండదు.

జైలు గోడల మధ్య సరిగ్గా వినిపించని గొంతులూ ఉన్నాయి. 1858 మార్చిలో రెండువందల మంది ఖైదీలతో ఈ శిక్షాస్థావరం మొదలైంది, అంటే సెల్యులర్ జైలుకు దాదాపు యాభై ఏళ్ల ముందు. వైపర్ ద్వీపంలో గొలుసులతో పనిచేసిన ఆ తొలినాటి ఖైదీల్లో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు. ఇంకా వెనక్కి వెళ్తే ఆ నేల గ్రేట్ అండమానీయులది. 1859లో వాళ్లు విల్లంబులతో అబర్డీన్ దగ్గర బ్రిటిష్‌వాళ్లను ఎదుర్కొన్నారు. తర్వాత బయటివాళ్లు తెచ్చిన తట్టు లాంటి జబ్బులకు కుప్పకూలి, వేలల్లో ఉన్నవాళ్లు పదుల్లోకి పడిపోయారు. స్వాతంత్ర్య సమర స్మారకంలో వాళ్ల కథ పక్కకు జరగడం సహజమే కావచ్చు, కానీ వెళ్లేవాడు దాన్ని తనంతట తాను వెంట తీసుకెళ్లాలి. జపాన్ కాలం సంగతీ అంతే. గూఢచారులన్న అనుమానంతో 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మంది స్థానికులను కాల్చి చంపారు. అక్కడ స్మారకం ఉంది, ప్యాకేజీల్లో మాత్రం ఆ ఊరు కనబడటం అరుదు.

నన్నడిగితే జైలుకు ఒక పూర్తి పూట, మర్నాడు రాస్ ద్వీపం, వీలైతే హంఫ్రీగంజ్. రాస్ ద్వీపానికి ఇప్పుడు నేతాజీ పేరు పెట్టారు. అధికారుల చర్చి, బేకరీ, విలాసపు ఇళ్ల శిథిలాలు అక్కడ వేళ్ల చిక్కుల్లో ఉన్నాయి. జైలు చూశాక ఆ నివాసాలు చూస్తే, ఇంత సుఖం అంత నరకానికి ఇంత దగ్గర్లో ఎలా సాగిందన్న ప్రశ్న తప్పకుండా పుడుతుంది. లైట్ అండ్ సౌండ్ షోలో ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతున్నట్టు నడిపిస్తారు, బాగానే ఉంటుంది. దానితోనే మొదలుపెడితే మాత్రం మన ఊహకు పని లేకుండా పోతుంది. పొద్దున గదులు చూసి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రం షోకి వెళ్లాలి. బీచ్ ఇంకో రోజున.

అమృత్‌సర్‌లో ఇదే తొందర ఇంకా బిగుసుకుంటుంది. స్వర్ణదేవాలయం, జలియన్‌వాలాబాగ్, అటారీ సరిహద్దులో సాయంత్రపు కవాతు, మూడూ ఒకే రోజు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ వెంట తెచ్చిన సిపాయిలు పది నిమిషాల్లో 1650 తూటాలు కాల్చారు. చనిపోయింది 379 మంది అని ప్రభుత్వ విచారణ, వెయ్యిమంది దాకా అని కాంగ్రెస్ విచారణ చెప్పాయి. సిపాయిలు నడిచొచ్చిన ఇరుకు సందుకు ఒకప్పుడు వట్టి ఇటుక గోడలుండేవి. 2021లో కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఆ గోడల మీద జనం శిల్పాలు చెక్కారు, బావికి అద్దాల కప్పు వేశారు, రాత్రి ప్రదర్శన పెట్టారు. చరిత్రకారులు చాలామంది దీన్ని తప్పుబట్టారు. నాకు వాళ్ల మాటే సరైనదనిపిస్తుంది. ఆ సందు ఇరుకే ఆనాటి సాక్ష్యం. బయటికి పోను దారి లేదన్న భయం ఖాళీ గోడల మధ్యే తెలిసేది, శిల్పాలు చూస్తూ నడిచేవాడికి అది అందడం కష్టం. పాత ఫోటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, వెళ్లేముందు వాటిని చూసి వెళ్లండి. లోపల తూటాల గుర్తులున్న గోడ ఇంకా ఉంది, అక్కడ ఆగండి.

అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో, టౌన్‌హాల్ భవనంలో విభజన మ్యూజియం ఉంది. రాడ్‌క్లిఫ్ గీత బయటపెట్టిన తేదీనే, ఆగస్టు 17న, 2017లో దాన్ని అధికారికంగా ప్రారంభించారు. మన ప్రాంతంలో విభజన అంటే పాఠ్యపుస్తకంలో ఒక పేరా. అక్కడ అది ఇత్తడి పాత్రలు, ఉత్తరాలు, ఇంటి తాళంచెవులు, ఎవరో శరణార్థి మోసుకొచ్చిన తోలుపెట్టె. చాలావాటిని ఆ కుటుంబాలే ఇచ్చాయి. తమను తాము కాపాడుకోవడానికో, కాపాడటం పేరుతో ఒత్తిడి చేసినందుకో బావుల్లో దూకిన ఆడవాళ్ల గుర్తుగా ఒక బావిని పెట్టారు. దాని ముందు నిలబడినవాళ్లు ఎక్కువగా మాట్లాడరు. గోడల మీద తెరల్లో వృద్ధులు తమ కథ చెబుతుంటారు, ఒక్కొక్కటి పూర్తిగా వినాలంటే కనీసం మూడు గంటలు పెట్టుకోవాలి. ఇది చూసినరోజు సాయంత్రం అటారీ కవాతుకు వెళ్లొద్దని నా సలహా. సిపాయిలు కాళ్లు పైకెత్తి కవాతు చేస్తుంటే చప్పట్లు కొట్టే జనంలో కూర్చుంటే, మధ్యాహ్నం విన్న గొంతులు మాసిపోతాయి.

ఏర్పాట్ల విషయంలో అందరికంటే స్పష్టంగా, దాచకుండా చెప్పేది ఆష్విట్జ్. అక్కడ నాజీలు దాదాపు పదకొండు లక్షల మందిని చంపారు, వారిలో పది లక్షల దాకా యూదులు. 1947 నుంచి అది మ్యూజియం. లోపలికి రావడం ఉచితం, కానీ పేరుతో సహా ముందే బుక్ చేసుకోవాలి, గుర్తింపు పత్రం చూపించాలి. వేసవిలో ఇంగ్లిష్ గైడు బృందాలు వారాల ముందే నిండిపోతాయి. పెద్ద బ్యాగులు తేకూడదు, బయటే వదలాలి. కనీసం మూడున్నర గంటలు కావాలని వాళ్లే చెబుతారు. పాత శిబిరం నుంచి మూడు కిలోమీటర్ల దూరంలోని బిర్కెనావ్‌కు ఉచిత బస్సు నడుస్తుంది. అలసిపోయామని చాలామంది బిర్కెనావ్ మానేస్తారు. నిజానికి హత్యలు భారీగా జరిగింది అక్కడే. ఆ మైదానం ఎంత పెద్దదో కాళ్లతో నడిస్తేనే తెలుస్తుంది. క్రాకోవ్ నుంచి ఒకేరోజు ఆష్విట్జ్‌నూ వీలిచ్కా ఉప్పుగనినీ చూపించే టూర్లు ఉన్నాయి, తెలుగు బృందాలూ అవే ఎక్కుతాయి. రెంటినీ విడదీయమని కోరితే విడిగా ఏర్పాటు చేసేవాళ్లూ ఉన్నారు.

పద్నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకురావద్దని ఆష్విట్జ్ సూచిస్తుంది. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం శాశ్వత ప్రదర్శనకు పదకొండేళ్ల వయసు చెబుతుంది. మనవాళ్లలో పిల్లలను వదిలేసి వెళ్లే అలవాటు తక్కువ, చంకన బిడ్డతో సహా అందరం కలిసే. ఈ విషయంలో నేను మ్యూజియాల పక్షం. వయసు కంటే ముఖ్యం పిల్లలకు ఏం చెప్పి తీసుకెళ్లామన్నది, కానీ చెప్పడానికీ ఒక వయసుంది. కిగాలిలోని స్మారకంలో రువాండా మారణకాండలో చంపబడిన చిన్నపిల్లల కోసం ఒక గది ఉంది. ఫోటో కింద ఆ బిడ్డకు ఇష్టమైన తిండి, ఇష్టమైన ఆట, ఎలా చనిపోయింది అన్న మూడు నాలుగు మాటలు. రెండున్నర లక్షల మందికి పైగా అక్కడ పూడ్చిపెట్టారన్న లెక్క మర్చిపోయినవాళ్లు కూడా ఆ గదిని మర్చిపోరు. ఎనిమిదేళ్ల పిల్లకు అది మోయలేని బరువు. పదిహేనేళ్లవాడికైతే అది చూపించకపోవడమే తప్పు. ఒక్క మనిషి కథతో మొదలుపెట్టి, తర్వాతే అంకెల్లోకి వెళ్తే పిల్లలకు దారి దొరుకుతుంది. బడి తరఫున తీసుకెళ్లే టీచర్లు లోపల వరుసలో నడిపించి బయట బస్సెక్కించేయకుండా, అదేరోజు ఒక గంట కూర్చుని ప్రశ్నలడగనివ్వాలి. పెద్దలకు కూడా ఏడ్చే హక్కు, మధ్యలో బయటికొచ్చే హక్కు ఉన్నాయని వెళ్లేముందే చెప్పుకోవాలి. డబ్బులిచ్చాం కదా అని అన్ని గదులూ తిరగక్కర్లేదు.

ఫోటోల విషయం త్వరగా తేల్చేస్తాను. ఆష్విట్జ్‌లో నరికిన జుట్టు ఉంచిన గదిలోను, పదకొండో బ్లాకు నేలమాళిగలోను కెమెరా తీయకూడదు. రైలు పట్టాల మీద బ్యాలెన్స్ చేస్తూ ఫోటోలు దిగొద్దని 2019లో ఆ మ్యూజియం బహిరంగంగా కోరాల్సి వచ్చింది. వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఎమెట్ టిల్ శవపేటిక ఉన్న గదిలోనూ ఫోటోలు నిషిద్ధం. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపేనాటికి అతనికి పద్నాలుగేళ్లు. నిషేధం లేనిచోట కూడా మన మొహం ఫ్రేములో లేకుండా తీసుకుంటే చాలు.

ఇక ఈ మ్యూజియాలను కట్టిన తీరు. దాన్ని గమనించడం నేర్చుకుంటే చూపు మారుతుంది. వాషింగ్టన్‌లో ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్న రెండు మ్యూజియాలు మనల్ని ఎదురెదురు దిక్కుల్లో నడిపిస్తాయి. హోలోకాస్ట్ మ్యూజియంలో లిఫ్టు పైఅంతస్తుకు తీసుకెళ్తుంది, అక్కడి నుంచి ఒక్కో అంతస్తు దిగుతూ మరణంలోకి వెళ్తాం. 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో లిఫ్టు భూమి అడుగుకు దించుతుంది. బానిస ఓడల కాలం నుంచి మొదలై ఒక్కో మెట్టు ఎక్కుతూ వెలుగులోకి వస్తాం. రెండూ ఉద్దేశపూర్వకమే. ఏ మ్యూజియమైనా మనల్ని ఎక్కడ వదిలేస్తుందో చూడండి. ఆశ దగ్గర వదిలేస్తుందా, కోపం దగ్గరా, జెండా దగ్గరా? అమృత్‌సర్ విభజన మ్యూజియం చివర ఒక ఆశల చెట్టు, సందేశం రాసి కట్టడానికి ఆకులు ఉంటాయి. కొందరికి అది ఊరట. తొందరపాటు ఊరట అనేవాళ్లూ ఉన్నారు, నేను వాళ్లలో ఒకణ్ని. అంతసేపు విన్న బాధకు అప్పుడే ముగింపు రాయించడం నాకు నచ్చదు.

కథ ఎవరు చెబుతున్నారన్న ప్రశ్నకు రాబెన్ ద్వీపం ఇచ్చిన జవాబు నాకు తెలిసినవాటిలో గొప్పది. కేప్‌టౌన్ నుంచి పడవలో వెళ్తాం. జైలు లోపల చూపించేది ఒకప్పుడు అక్కడే ఖైదు అనుభవించినవాళ్లు. నెల్సన్ మండేలా ఇరవై ఏడేళ్ల జైలు జీవితంలో పద్దెనిమిదేళ్లు గడిచింది ఈ ద్వీపంలోనే. ఆయన గది ముందు కెమెరాలు నిండుతాయి, కానీ మన ముందు నిలబడి మాట్లాడుతున్న మాజీ ఖైదీని అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువ. సముద్రం బాగాలేకపోతే పడవలు రద్దవుతాయి, కాబట్టి ప్రయాణంలో చివరిరోజుకు దీన్ని పెట్టుకోవద్దు. ఆ గైడ్లు వృద్ధులవుతున్నారు. రాబెన్ ద్వీపం చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయకపోవడానికి ఇది చాలు.

భోపాల్‌లో ఈ ప్రశ్నే ఇంకో రూపం తీసుకుంది. 1984 డిసెంబర్ 2 రాత్రి, 3 తెల్లవారుజామున యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ విషవాయువు ఊరి మీదికి వచ్చింది. కర్మాగారం ఎదురుగా తల్లీబిడ్డల విగ్రహం 1985లోనే వెలిసింది. చేసింది డచ్ శిల్పి రూత్ వాటర్‌మన్, ఆమె హిట్లర్ మారణకాండ నుంచి బయటపడిన మనిషి. బాధితులు, వాళ్ల కోసం పోరాడినవాళ్లు కలిసి, ప్రభుత్వం సొమ్మూ కంపెనీల సొమ్మూ ముట్టుకోకుండా, 2014లో 'రిమెంబర్ భోపాల్' మ్యూజియం తెరిచారు. టెలిఫోన్ రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంటే బతికి బయటపడినవాళ్ల మాటలు వినిపించేలా ఏర్పాటు చేశారు. ఆంధ్ర, తెలంగాణ నుంచి ఢిల్లీ వెళ్లే రైళ్లు చాలా వరకు ఆ ఊరి మీదుగానే పోతాయి. ఆ రాత్రి స్టేషన్‌లో రైల్వే ఉద్యోగులు ప్రాణాలకు తెగించి బండ్లను ఆపారు, పంపారు. ఏటా లక్షలమంది తెలుగువాళ్లు దాటిపోయే ఆ స్టేషన్‌లో దిగి, ఫోన్ చేసి కనుక్కుని, ఒకపూట అక్కడ గడపడం కష్టమేమీ కాదు. భోపాల్‌లో నష్టపరిహారం, నేలలో మిగిలిన విషం, రెండో తరం పిల్లల జబ్బులు ఇంకా నడుస్తున్న సంగతులే కాబట్టి వెళ్లేముందు తాజా వార్తలు చదవాలి. ఇక్కడ చరిత్ర ఇంకా పూర్తికాలేదు.

హిరోషిమా మ్యూజియం కథ ఎలా చెప్పాలన్న ప్రశ్నతో డెబ్భై ఏళ్లుగా కుస్తీ పడుతోంది. 1955లో తెరిచారు. అణుబాంబుకు 1945 చివరికి చనిపోయినవాళ్లు లక్షా నలభైవేల దాకా ఉంటారని అంచనా. చర్మం వేలాడే బొమ్మలను 2017లో తీసేసి, కాలిపోయిన బట్టలు, మూడు చక్రాల సైకిల్, టిఫిన్ డబ్బా లాంటి అసలు వస్తువులకు చోటిచ్చారు. 2019లో ప్రధాన భవనాన్ని పూర్తిగా కొత్తగా తెరిచారు. బొమ్మలు తీసేయడంపై నిరసనలు వచ్చాయి, కానీ ఒక పిల్లవాడి సైకిల్ ముందు నిలబడ్డవాళ్లకు బొమ్మ అవసరముండదు. దీనికంటే పెద్ద తగువు, జపాన్ సాగించిన దురాక్రమణ గురించి మ్యూజియం ఎంత చెప్పాలి అన్నది. 1994లో తూర్పు భవనం చేర్చాక యుద్ధ నేపథ్యానికి కొంత చోటు దొరికింది. బాంబుకు చనిపోయిన కొరియన్ల స్మారకం 1970లో పార్కు బయట వెలిసి, 1999లో గానీ లోపలికి రాలేదు. బాధితుల్లోనూ లోపలివారు, బయటివారు ఉన్నారన్నమాట. ఆ రాయి దగ్గరికి నడిచి వెళ్లడానికి మీ ప్లాన్‌లో చోటుంచుకోండి.

అట్లాంటాలో ఉన్న తెలుగు కుటుంబాలకు రెండున్నర గంటల డ్రైవ్‌లో మాంట్‌గొమరీ ఉంది. 2018లో అక్కడ లెగసీ మ్యూజియం, మూక హత్యలకు బలైన నల్లజాతివారి స్మారకం తెరిచారు. స్మారకంలో ఎనిమిది వందలకు పైగా ఉక్కు స్తంభాలు, ఒక్కో కౌంటీకి ఒకటి, దాని మీద అక్కడ చంపబడినవాళ్ల పేర్లు. నాలుగువేల నాలుగువందల మందికి పైగా. మొదట స్తంభాలు మన ఎత్తులో ఉంటాయి. నడుస్తుంటే నేల కిందికి దిగుతుంది, స్తంభాలు తలపైన వేలాడుతూ మిగిలిపోతాయి. బయట అవే స్తంభాల నకళ్లు పడుకోబెట్టి ఉంచారు, ఆయా కౌంటీలు వచ్చి తీసుకెళ్లాలని. మీరుండే కౌంటీ పేరు వెతకండి. అక్కడ ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అక్కడి బడికి పంపేవాళ్లకు ఆ నేల చరిత్ర తెలియాలి. మన ఊళ్లలో కులం పేరుతో జరిగినవాటికీ ఆ పేర్లకూ పోలిక తట్టకుండా ఉండదు, తట్టాలి కూడా.

ఎందుకంటే మన తెలుగు నేల మీద ఇలాంటి మ్యూజియాలు దాదాపు లేవు. ఉన్నవి స్తూపాలు. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో గోండులు చనిపోయిన ఇంద్రవెల్లిలో ఒక స్తూపం ఉంది. ప్రభుత్వం చెప్పిన లెక్క 13, హక్కుల సంఘాలు చెప్పింది అంతకు ఎన్నో రెట్లు. ఏటా అదేరోజు అక్కడికి వెళ్లి దండం పెట్టుకోవడానికే చాలా ఏళ్లు ఆంక్షలుండేవి. 1991 ఆగస్టు 6న దళితులను నరికి చంపిన చుండూరులో ఊరి మధ్యే సమాధులు చేసి, ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. రజాకార్లు దాడిచేసిన భైరాన్‌పల్లిలో బురుజు నిలిచి ఉంది. అది 1948 ఆగస్టు. మరుసటి నెలలోనే భారత సైన్యం వచ్చాక హైదరాబాద్ సంస్థానంలో ముస్లింల మీద జరిగిన మారణకాండపై పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు తలుపుల వెనకే ఉంది. రెండు బాధలూ ఒకే ఏడువి, ఒకే నేలవి. రెంటినీ ఒకే కప్పు కింద పెట్టి చెప్పే చోటు ఒక్కటీ లేదు. సంస్థానం దేశంలో కలిసిన సెప్టెంబర్ 17ని ఏ పేరుతో జరపాలన్న తగువుకు ఇచ్చినంత సమయం సాక్ష్యాలు పోగుచేయడానికి ఎవరూ ఇవ్వలేదు.

ఈ ఊళ్లకు వెళ్లాలనుకునేవాళ్లకు టిక్కెట్టు లేదు, ఆడియో గైడు లేదు, వేళలు రాసిన బోర్డు లేదు. కాబట్టి ఏర్పాటు ఇంకా జాగ్రత్తగా చేసుకోవాలి. ఊళ్లో తెలిసినవారి ద్వారా ముందే మాట పంపి, వాళ్లు రమ్మన్న రోజున వెళ్లాలి. కారు దిగి స్తూపం ఫోటో తీసుకుని వచ్చేస్తే అక్కడివాళ్లకు అవమానం. చుండూరులో కూర్చుంటే కోర్టు తీర్పుల గురించి మాట్లాడతారు, ఇంద్రవెల్లిలో భూమి గురించి. వినడానికి సగం రోజు పెట్టుకోవాలి, రికార్డు చేసుకోవచ్చా అని అడగాలి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. భైరాన్‌పల్లి దాడి నాటికి పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటిపోయాయి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, జిల్లా గ్రంథాలయాలు కలిసి వచ్చే రెండు వేసవుల్లో విద్యార్థులను ఆ ఇళ్లకు పంపితే ఇంకా కొన్ని గొంతులు దొరుకుతాయి. వాటిని ఏ భవనంలో పెట్టాలి, టిక్కెట్టు ఎంత, బోర్డు ఏ భాషలో అన్నవి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.